కిలిమంజారో మొక్కు, దాతల ముడుపు

2009 మార్చిలో బ్రిటన్‌కు చెందిన తొమ్మిది మంది గాయకులు, టీవీ, రేడియో వ్యాఖ్యాతలు టాంజానియాలోని 5,895 మీటర్ల కిలిమంజారో శిఖరాన్ని చేరుకున్నారు. కామిక్ రిలీఫ్ అనే బ్రిటన్ సేవాసంస్థ కోసం గాయకుడు గ్యారీ బార్లో కూడగట్టిన ఆ బృందం ఆఫ్రికాలో మలేరియా నివారణకు 30 లక్షల పౌండ్లకు పైగా విరాళాలు రాబట్టింది. వాళ్లే స్టూడియోలో కూర్చుని చేయి చాచి ఉంటే అంత వచ్చేదని నేననుకోను. దానం చేయడానికి తాము కష్టపడవలసి ఉంటుందని తెలిసినప్పుడు మనుషులు మరింత ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతారని పరిశోధకులు క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్డార్ షఫీర్ 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో తేల్చారు.

అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు ఎక్కి, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద కదిలేవాళ్లను చూసిన మనకు ఈ సంగతి కొత్తది కాదు. అయితే మొక్కులో ఎవరూ రాయని ఒక లెక్క ఉంది. దారి ఖర్చు మొక్కుకున్నవాడిదే. ముడుపు విప్పి బస్సు టికెట్ కొనేవాడు ఉండడు. సేవ పేరిట సాగే పర్వతయాత్రల్లో చాలావాటికి పేచీ సరిగ్గా ఇక్కడే వస్తుంది.

బ్రిటన్‌లో ఈ యాత్రలు ప్రధానంగా రెండు పద్ధతుల్లో నడుస్తాయి. ఒకదానిలో యాత్రికుడు తన ఖర్చు తానే పెట్టుకుంటాడు, వసూలైనదంతా సంస్థకు చేరుతుంది. రెండోదానిలో ఇంత మొత్తం వసూలు చేస్తానని ఒప్పుకుంటే చాలు, విమానం, గైడు, గుడారం ఖర్చులు ఆ చందాల్లోంచే తీస్తారు. రెండోది మోసమని అనలేం, ఎందుకంటే చేతిలో డబ్బు లేని యువతకు అది తప్ప దారి లేదు, ఖర్చులు పోగా మిగిలేది కూడా సంస్థకు చిన్న మొత్తమేమీ కాకపోవచ్చు. కానీ దోమతెరకని వెయ్యి రూపాయలు ఇచ్చిన మనిషికి అందులో కొంత ఇంకొకరి విమానం టికెట్‌గా మారుతుందని ముందే, పెద్ద అక్షరాల్లో చెప్పాలి.

ఇక మోత సంగతి. కిలిమంజారో మీద గుడారాలు, గ్యాస్ సిలిండర్లు, కుర్చీలు, చివరికి కొన్ని బృందాలకు మరుగుదొడ్డి కూడా పోర్టర్ల తల మీదే ఎక్కుతాయి. తలా 20 కిలోలు మించకూడదని నియమం, అందుకే పార్కు గేటు దగ్గర మూటలను కాటాకు తగిలిస్తారు. కూలి సరిగా అందడం లేదని, చలికి తగిన బట్టలు లేవని ఫిర్యాదులు ఉండబట్టే అక్కడ పోర్టర్ల సహాయం కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పనిచేయవలసి వచ్చింది. మచామే దారిలో 4,600 మీటర్లు దాటిన బరాఫు శిబిరం నుంచి అర్ధరాత్రి వేళ యాత్రికులు గైడ్లతో బయలుదేరతారు. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కనుక సీసాను తలకిందులుగా పెట్టుకుంటారు. తెల్లవారాక శిఖరం మీద సంస్థ బ్యానర్‌తో ఫొటో దిగుతారు. పోర్టర్లలో చాలామంది ఆ వేళకు కింద శిబిరంలోనే ఉంటారు, అందుకే ఫొటోలో కనిపించరు.

మరో దేశంలో వైద్యం కోసమో, చదువు కోసమో చందాలు పోగుచేస్తూ, పక్కన మూట మోస్తున్నవాడి కూలిలో బేరమాడే యాత్రను సేవ అనడానికి నాకు నోరు రాదు. చవక ప్యాకేజీ ఎక్కడ చవకైందో ఆరా తీసే బాధ్యత యాత్రికుడితోపాటు అతణ్ని పంపే సంస్థకూ ఉంది.

ఈ వరసను తిరగేసినవాడు ఎడ్మండ్ హిల్లరీ. 1953లో టెన్సింగ్ నార్గేతో కలిసి ఎవరెస్ట్ ఎక్కిన తర్వాత, ఆ పేరును పెట్టుబడిగా చేసుకుని 1960లో హిమాలయన్ ట్రస్ట్ మొదలుపెట్టాడు. నేపాల్‌లో 1961లో ఖుంజుంగ్‌లో బడి, 1964లో లుక్లాలో విమానాలు దిగే చోటు, 1966లో ఖుందేలో ఆసుపత్రి వచ్చాయి. అవన్నీ యాత్రల్లో మూటలు మోసిన షెర్పాల ఊళ్లకే దక్కాయి, వాటిలో మొదటిదైన బడిని కోరుకున్నది కూడా వాళ్లే.