పెద్ద ఫౌస్టీనా నాణేలు ఎక్కువగా పడింది ఆమె పోయాకే
రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య పెద్ద ఫౌస్టీనా నాణేలు ఇన్ని దొరుకుతున్నాయి కాబట్టి, బతికుండగా ఆమె చేతిలో చాలా అధికారం ఉండేదని ఒక వ్యాసం అంటోంది. ఆ మాట నిలబడదు. ఆంటోనినస్ పయస్ గద్దెనెక్కింది క్రీ.శ. 138లో, ఆమె పోయింది 140లో. దొరికేవాటిలో చాలా భాగం ఆ తర్వాత, ఆమెను దేవతగా ప్రకటించాక, భర్త 161లో చనిపోయేదాకా కొట్టించినవే. అంటే అవి చెప్పేది ఆమె పెత్తనం గురించి కాదు, ఆయన ప్రచారం గురించి. తేల్చుకోవడానికి ముందు బొమ్మవైపు అక్షరాలు చదవాలి. 'దివా' (దేవత అయినది) అని ఉంటే మరణానంతరం వేసింది. వెనకవైపు 'ఔగుస్తా' (రాణికిచ్చే బిరుదు) అని చూసి బతికున్నప్పటిదనుకోవడం మామూలు పొరపాటు, 'దివా' నాణేల వెనక కూడా ఆ మాట తరచుగా ఉంటుంది. ఇంకో చిక్కు కూతురు చిన్న ఫౌస్టీనా. ఆమెనూ తర్వాత దేవతను చేశారు, కానీ ఆ నాణేలపై పేరు పక్కన 'పియా' (భక్తురాలు) అని ఉంటుంది. అక్షరాలు అరిగిపోతే జుట్టే దిక్కు: తల్లికి జడలు నడినెత్తిన చుట్టి ఉంటాయి, కూతురికి ముడి మెడ వెనక. దెనారియస్ అనే రోమన్ వెండి నాణెం సుమారు 3 నుంచి 3.5 గ్రాములు తూగాలి. బాగా తేలికగా ఉండి అంచున ఎర్రగా రాగి కనిపిస్తే అది వెండి పూత నకిలీ, ఆ కాలంలోనే చేసినదీ కావచ్చు. అన్నట్టు, మన నాగార్జునకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లోనూ ఈ పెద్ద ఫౌస్టీనాది ఒకటుంది.