సవరణ: జనవరి 7 క్రిస్మస్ గురించి

రష్యా, సెర్బియా ఆర్థడాక్స్ క్రైస్తవులు యేసు జనవరి 7న జన్మించారని నమ్ముతారని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు.

వాళ్లకూ పండుగ డిసెంబరు 25నే. కాకపోతే ఆ చర్చిలు ఇప్పటికీ పాత జూలియన్ క్యాలెండర్‌నే పాటిస్తాయి. 1582లో పోప్ 13వ గ్రెగరీ తెచ్చిన, ఇప్పుడు మనం వాడుతున్న క్యాలెండర్ కంటే అది 13 రోజులు వెనక ఉంది, అందుకే వాళ్ల డిసెంబరు 25 మన లెక్కలో జనవరి 7న వస్తుంది. ఈ తేడా కూడా స్థిరం కాదు. 2100లో అది 14 రోజులవుతుంది, 2101 నుంచి వాళ్ల క్రిస్మస్ మన లెక్కలో జనవరి 8న వస్తుంది. చర్చి చరిత్ర పుస్తకాల్లో ఈ వివరం స్పష్టంగానే ఉంది.

నిజంగా వేరే తేదీ పాటించేది ఆర్మేనియన్ చర్చి. యేసు జననాన్ని, బాప్తిస్మాన్ని కలిపి జనవరి 6న జరుపుకుంటారు. చాలా పాత ఆచారమది.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్ని కూడా షేర్ చేయండి.