పళ్ళు లేని బకెట్ గారికి

అయ్యా,

మట్టి తవ్వే మినీ డిగ్గర్ మూతికి తగిలించాల్సిన తమరి కోసం ఈ రోజు హాఫ్ డే లీవ్ పెట్టాను. తమరు రాలేదు. తమరి బదులు పళ్ళున్న తమ్ముడుగారిని పంపించారు.

ఒంటిగంటకు మినీ డిగ్గర్ మా పెరట్లోకి దిగింది. నేలలో పాతకాలపు ఆనవాళ్ళు వెతికే ఆర్కియాలజిస్ట్ మేడమ్ దాని మూతి వంక ఒక్కసారి చూసి, "దీంతో ఒక్క గీత కూడా గీయనివ్వను" అన్నారు. ఆ పళ్ళు మట్టిని పీకి పారేస్తాయట. పాత గుంటల ఆనవాళ్ళంటే నేలలో నల్లటి మరకలే కాబట్టి, కాస్త కెలికితే చాలు చెరిగిపోతాయట. తమరిలా బోసిగా, అంచు చదునుగా ఉంటేనే మట్టి పొరలు పొరలుగా లేస్తుందట. సరే, ఒప్పుకున్నాం. తమరెక్కడ? డ్రైవర్ యార్డుకి ఫోన్ చేశాడు. తమరు వేరే సైటుకి వెళ్ళారు! రెండింటికి వస్తారన్నారు. మూడన్నారు. నాలుగింటికి ఫోన్ ఎత్తడం మానేశారు. వానలో ముగ్గురం ఆ డిగ్గర్ చుట్టూ నిలబడ్డాం, పెళ్ళికొడుకు దిగని విడిదింట్లో చుట్టాల్లాగా.

నేను కట్టేది మాల్ కాదండీ. కింద ఒక్క బాత్రూమ్. ఖమ్మం నుంచి అమ్మ వస్తోంది, మోకాళ్ళతో మెట్లెక్కలేదు. కానీ మాది ఐర్లండ్‌లోని కిల్కెన్నీ, అందులోనూ ఊరి పాత ప్రాకారం లోపలి ఇల్లు. పర్మిషన్‌తో పాటే షరతు కూడా వచ్చింది: ముందు టెస్ట్ ట్రెంచ్, అంటే కింద పాత ఆనవాళ్ళున్నాయేమో చూసే కందకం తవ్వించాలి, ఖర్చు నాదే. ఆ తవ్వకం లైసెన్స్ కోసం ఆగిన వారాల సంగతి ఇంకోసారి రాస్తాను.

అసలు కింద ఏముంటుందని అడిగాను. 13వ శతాబ్దం మొదట్లో ఇక్కడి ప్రభువు విలియం మార్షల్ చార్టర్, అంటే పట్టణ హక్కుల పత్రం, ఇచ్చిన ఊరట ఇది. అప్పటి పెరళ్ళూ ఇలాగే సన్నగా, పొడుగ్గా ఉండేవట, వెనకాల చెత్తగుంటలు, మరుగుదొడ్లు. ఆ మరుగుదొడ్డి దొరికిందంటే మేడమ్‌కి పండగే. పండ్ల గింజలు, చేప ముళ్ళు, అప్పటివాళ్ళు ఏం తిన్నారో అంతా అందులోనే ఉంటుందట.

అంటే 800 ఏళ్ళ కిందటి వాడి దొడ్డి తేలేదాకా మా అమ్మకి దొడ్డి లేదు! డబ్లిన్‌లో వుడ్ క్వే దగ్గర వైకింగుల ఊరిని కాపాడమని 1978లో సుమారు 20,000 మంది రోడ్డెక్కినా దాని మీద కార్పొరేషన్ ఆఫీసులు లేచాయి. నా బాత్రూమ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒక బకెట్‌కి పళ్ళున్నాయని పని ఆగింది. సిగ్గుండాలి. మేడమ్‌కి కాదు, పాపం ఆవిడ కూడా తడిసింది. తమరికి.

వెళ్తూ వెళ్తూ ఆవిడ గోడ వారన బూటుతో మట్టి కదిపి, ఒక చిన్న తెల్లటి పుల్ల తీసి నా చేతిలో పెట్టింది. పొగాకు తాగే మట్టి పైపు ముక్క, మధ్యలో సన్నటి రంధ్రం. మరీ పాతదేం కాదంది. కడిగి కిటికీలో పెట్టుకున్నాను, ఎందుకో తెలీదు.

మంగళవారం ఎనిమిదింటికి రండి. అమ్మ టికెట్ 23న.

ఇట్లు,
పెరటి యజమాని