బల్బు వెలిగితే చాలదు: విదేశీ లైట్లను బిగించే ముందు చూడాల్సినవి

120 వోల్టుల దేశంలో కొన్న షాండ్లియర్‌ను 230 వోల్టుల ఇంట్లో వేలాడదీయాలంటే ఎక్కువమందికి ముందుగా తట్టేది వోల్టేజీని దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. చాలా సందర్భాల్లో అది దండగ ఖర్చు. మామూలు బల్బు లైటులో ఉండేవి హోల్డరు, వైరు, స్విచ్చు, లోహపు చట్రం. ఫలానా వోల్టేజీయే కావాలని పట్టుబట్టేది బల్బు ఒక్కటే. 120 వోల్టుల ఫిలమెంట్ బల్బును 230కి తగిలిస్తే దాదాపు మూడింతల శక్తి లాగి క్షణాల్లో మాడిపోతుంది. స్థానిక బల్బు పెడితే ఆ గొడవ తీరిపోతుంది. అసలు ప్రమాదం ఎవరూ అడగని చోట్ల ఉంది: ఎర్త్, పోలారిటీ (ఫేజ్, న్యూట్రల్‌లలో ఏది ఎక్కడికి వెళ్లాలన్నది), వైరు రంగులు.

వైరు విషయంలో జనం భయపడేంత లేదు. అమెరికా లైట్లలో సాధారణంగా వాడే 18 గేజి వైరు అడ్డుకోత వైశాల్యం 0.82 చదరపు మిల్లీమీటర్లు, ఇన్సులేషన్ 300 లేదా 600 వోల్టులకు. పైగా 60 వాట్ల బల్బు 120 వోల్టుల దగ్గర అర ఆంపియర్ తీసుకుంటే, 230 దగ్గర పావు ఆంపియర్‌కు కాస్త ఎక్కువ తీసుకుంటుంది. అంటే వైరు మీద భారం తగ్గుతుంది. కానీ లైటు మీద ‘60 వాట్లు మించరాదు’ అని ఉంటే ఏ దేశంలోనైనా మించకూడదు. ఆ పరిమితి వేడికి సంబంధించింది, వోల్టేజీకి కాదు.

హోల్డరు దగ్గర జాగ్రత్త పడాలి. మర బల్బుల సైజుల్లో అమెరికా ఈ26, యూరప్ ఈ27 మధ్య తేడా ఒక్క మిల్లీమీటరే, బల్బు ఎక్కుతుంది. హోల్డరు మీద 250 వోల్టులు అని అచ్చు ఉంటే ఉంచుకోవచ్చు. కొవ్వొత్తి ఆకారపు బల్బులకు వాడే ఈ12 హోల్డర్లు చాలావరకు 125 వోల్టులవే. యూరప్ ఈ14 బల్బు వాటిలో పట్టదు కూడా. అడాప్టర్లతో సర్దుకోవద్దు, హోల్డరే మార్చాలి. మార్చేటప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. అమెరికా లైట్లలో హోల్డరు బిగిసే లోపలి గొట్టానికి అంగుళానికి 27 మరలు ఉంటాయి. యూరప్ గొట్టం పది మిల్లీమీటర్ల వ్యాసంది, మరకూ మరకూ మధ్య ఒక మిల్లీమీటరు. బయటి కొలత రెండిటిదీ దాదాపు ఒకటే కాబట్టి ఒకటి రెండు చుట్లు సాఫీగా తిరిగి, తర్వాత బిగుసుకుపోతుంది. బలవంతం చేస్తే మర అరిగిపోతుంది. ఆపైన బల్బు మార్చిన ప్రతిసారీ హోల్డరు కూడా తిరుగుతూ లోపలి వైరును మెలిపెడుతుంది. హోల్డరుతో పాటు గొట్టాన్నీ మార్చేస్తే ఈ పీడ ఉండదు.

ఇక రంగులు. అమెరికా లైటులో నలుపు ఫేజ్, తెలుపు న్యూట్రల్. పాత బ్రిటిష్ పద్ధతి నడిచే చోట ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్. ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ నలుపును నలుపుకి కలిపాడనుకోండి, బల్బు శుభ్రంగా వెలుగుతుంది. కానీ ఫేజ్ హోల్డరులోని మర గుల్లకు వెళ్తుంది. బల్బు తిప్పేటప్పుడు వేలు తగిలేది ఆ గుల్లకే. హోల్డరుకే ఉన్న స్విచ్చు న్యూట్రల్‌ను తెంపుతుంది కాబట్టి, ఆపినా ఫేజ్ లోపలే ఉంటుంది. అందుకే రంగును నమ్మకుండా మీటరుతో కంటిన్యుటీ (ఏ తీగ ఎక్కడికి కలిసిందో) చూడాలి: అడుగున మధ్యలో ఉన్న పలకకు ఫేజ్, గుల్లకు న్యూట్రల్. అమెరికా హోల్డరులో ఇత్తడి రంగు స్క్రూ ఫేజ్‌కి, వెండి రంగుది న్యూట్రల్‌కి. జంట వైరయితే గీతలు తేలిన పక్క న్యూట్రల్. ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా పట్టే సాకెట్లున్న దేశంలో ఈ జాగ్రత్త కూడా పూర్తి రక్షణ కాదు. అక్కడ గుల్ల పైకి కనబడని హోల్డరు వేయాలి.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ఎర్త్. అమెరికా నుంచి వచ్చే లోహపు టేబుల్ ల్యాంపుల్లో చాలావాటికి రెండే తీగలు. చదరంలో చదరం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ లైటు, ఎర్త్ అక్కర్లేదు. ఆ గుర్తు లేని లోహపు లైటుకు 0.75 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల కేబుల్ వేసి తీరాలి. ఎర్త్ బిగించే చోట రంగు గీకి, పళ్ల వాషర్ పెట్టాలి. ఎర్త్ తీగను మిగతా రెండిటికన్నా కాస్త పొడుగు ఉంచితే, కేబుల్ లాగినా అదే చివర ఊడుతుంది. షాండ్లియర్ గొలుసును ఎర్త్‌గా లెక్కపెట్టకూడదు. ప్రతి కొమ్మ నుంచీ ఎర్త్ టెర్మినల్‌కు నిరోధం కొలవాలి. లైట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60598 ప్రకారం అది 0.5 ఓమ్ దాటకూడదు. తర్వాత బల్బులు తీసి, ఫేజ్, న్యూట్రల్ కలిపి, ఆ జంటకూ బాడీకీ మధ్య 500 వోల్టుల డీసీ మెగ్గర్ (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) ఒక నిమిషం పెట్టాలి. 2 మెగాఓమ్‌ల కన్నా తక్కువ చూపిస్తే వైరును ఎక్కడో గొట్టం అంచు కోసిందనే అనుమానించాలి. ఆ అంచులను ఆకురాయితో నున్నగా చేసి స్లీవ్ తొడగాలి. డ్రైవరు (ఎల్ఈడీకి కరెంటు అందించే పరికరం), డిమ్మర్ (వెలుగు తగ్గించే పరికరం) ఉంటే మెగ్గర్ పెట్టేముందే విప్పేయాలి, లేకపోతే పరీక్షే వాటిని చంపుతుంది.

లోపల ఎలక్ట్రానిక్స్ గానీ, రాగి చుట్ట గానీ ఉంటే లెక్క వేరు. ఎల్ఈడీ డ్రైవరు మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే నేరుగా వాడుకోవచ్చు. 120 మాత్రమే ఉంటే డ్రైవరు మార్చాలి. కరెంటు స్థిరంగా ఇచ్చే రకమైతే మిల్లీఆంపియర్లు పాతదానితో కచ్చితంగా సరిపోవాలి, 350 ఉన్నచోట 700 పెడితే ఎల్ఈడీలు కాలిపోతాయి. 120 వోల్టుల డిమ్మర్‌ను తీసి పక్కన పడేయడమే మేలు. పాత ట్యూబులైట్ చోక్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా గట్టెక్కదు, ఎందుకంటే అది వోల్టేజీనే దించుతుంది, ఫ్రీక్వెన్సీని కదపదు. 60 హెర్ట్జ్ చోక్‌ను 50 మీద నడిపితే దాని అడ్డు ఆరోవంతు తగ్గి, కరెంటు పెరిగి, వేడెక్కుతుంది. చోక్ మార్చడమొక్కటే దారి.

మరి స్టెప్‌డౌన్ ఎక్కడ పనికొస్తుంది? విప్పితే పగిలే పాత గాజు లైటుకో, విలువ కోసం అసలు భాగాలు ఉంచుకోవాల్సిన పురాతన లైటుకో. 40 వాట్ల బల్బులు ఎనిమిదుంటే 320 వాట్లు, కనుక కనీసం 400 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి. చవక రకాలు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, అవి మెయిన్స్ నుంచి లైటును విడదీయవు కాబట్టి ఎర్త్ అవసరం అలాగే ఉంటుంది.

లోపలి భాగాలు మార్చాక లైటు మీదున్న యూఎల్ (అమెరికా భద్రతా పరీక్షల సంస్థ) ముద్ర గానీ మరొక ముద్ర గానీ ఆ కొత్త వైరింగుకు వర్తించదు. సొంత ఇంట్లో అది యజమాని, ఎలక్ట్రీషియన్ల బాధ్యత. హోటలుకో, అమ్మకానికో అయితే స్థానిక ప్రమాణాల ప్రకారం పరీక్షించి కాగితం తీసుకోవాలి. ఆ ఖర్చు కలిపి చూస్తే, మామూలు ఫ్యాక్టరీ లైటును సముద్రాలు దాటించడం చాలాసార్లు గిట్టుబాటు కాదు.