సవరణ: పటిక బలం మూడింతలు కాదు

వానాకాలం గోదావరి ఎర్రనీళ్లు బిందెలో పట్టి పటిక తిప్పితే ఎందుకు తేరుకుంటాయో మొన్న రాశాను కదా. అందులో ‘పటికలోని అల్యూమినియం అయాన్‌కి (విద్యుదావేశం ఉన్న పరమాణువుకి) మూడు ధనావేశాలు, ఉప్పులోని సోడియంకి ఒకటి, కాబట్టి పటిక ఉప్పుకంటే మూడింతలు బలంగా పనిచేస్తుంది’ అన్నాను. అది తప్పు. పుస్తకం తెరవకుండా లెక్క కట్టేశాను.

మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రోజుల తరబడి తేలుతుంటాయి. ధనావేశ అయాన్లు చేరితే ఆ నెట్టుడు తగ్గి, రేణువులు ముద్దకట్టి అడుక్కి దిగుతాయి. ఇంతవరకు సరే. కానీ అయాన్ ఆవేశం పెరిగేకొద్దీ ఈ బలం అంతకుమించి ఎగబాకుతుంది. హార్డీ–షుల్జ్ నియమం చెప్పేది ఇదే. డిగ్రీ భౌతిక రసాయనశాస్త్ర పుస్తకాల్లో ఆర్సెనిక్ సల్ఫైడ్ సోల్‌కి (మట్టినీళ్లలాగే రుణావేశ రేణువులు తేలే ద్రవానికి) ఇచ్చే అంకెలు చూడండి: స్కందనానికి, అంటే రేణువులు ముద్దకట్టడానికి, సోడియం క్లోరైడ్ (మామూలు ఉప్పు) లీటరుకు 51 మిల్లీమోల్‌లు కావాలి, మెగ్నీషియం క్లోరైడ్ 0.72, అల్యూమినియం క్లోరైడ్ 0.093 చాలు. అంటే సోడియంకీ అల్యూమినియంకీ తేడా ఐదు వందల రెట్లు పైమాటే!

ఇంకోటి వదిలేశాను. బిందెలో జరిగేది ఆవేశాల లెక్క ఒక్కటే కాదు. పటికలోని అల్యూమినియం నీటితో చర్య జరిపి దూదిపింజల్లాంటి హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, దిగేటప్పుడు మట్టిని కూడా ఊడ్చుకుపోతుంది. అడుగున కనిపించే మెత్తటి మడ్డి అదే.

‘అయితే ఉప్పు వేస్తే తేరుకోదా’ అని అడిగినవాళ్లకు: తేరుకుంటుంది, తాగలేరంతే. గోదావరి కలిసే అంతర్వేది దగ్గర సముద్రపు ఉప్పునీరు చేసే పనుల్లో అలా మట్టిని దించడమూ ఒకటి.