ఆ షాప్ క్లాసు అందరిదీ కాదు

అమెరికా బడుల గురించిన ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. స్కూలు స్నేహితుల గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకోసారి. చివరికి మా పెదనాన్నగారి అబ్బాయి విడిగా పంపి "ఎంత బాగా రాశాడో చూడు" అన్నాడు. చూశాను. ఓపిక అయిపోయింది.

అందులో ఉన్నది ఇది. 1950ల్లో అమెరికా హైస్కూళ్లలో ప్రతి పిల్లవాడికీ లెక్కలు, సైన్సుతో పాటు వడ్రంగం, కారు రిపేరు, వంట, ఇన్‌కమ్ ట్యాక్స్ నేర్పేవారట. చదువునూ చేతిపనినీ సమానంగా చూశారట. అందుకే చంద్రుడి మీదికి వెళ్లారట. తర్వాత ఎవరో కుట్ర చేసి ఆ క్లాసులు ఎత్తేశారట. కాబట్టి మనం కూడా ఎనిమిదో తరగతిలోనే చదువు అబ్బని పిల్లల్ని వేరు చేసి పనిలో పెట్టాలట.

ట్యాక్స్ సంగతి: కొన్ని బడుల్లో ఇంటి బడ్జెట్, ట్యాక్స్ ఫారం నింపడం నేర్పేవారు, ప్రతి పిల్లవాడికీ కాదు. కుట్ర సంగతి: ఏ కుట్రా లేదు. 1983లో ఒక జాతీయ కమిషన్ తమ చదువులు వెనకబడ్డాయని హెచ్చరించాక, చాలా రాష్ట్రాలు పాస్ కావడానికి కావలసిన లెక్కలు, సైన్సు కోర్సులు పెంచాయి. టైంటేబుల్లో మిగతావాటికి చోటు తగ్గింది.

"ప్రతి పిల్లవాడికీ" అన్నది కూడా తప్పే. రంపం, లేత్ ఉన్న షాప్ క్లాసు, అంటే చేతిపని క్లాసు, అబ్బాయిలది, కుట్టు, వంట ఉన్న హోమ్ ఎకనామిక్స్ అమ్మాయిలది. అమ్మాయి షాప్ క్లాసు అడిగితే చాలా చోట్ల కుదరదనేవారు. అలా ఆడామగా తేడాతో విడదీయకూడదన్న చట్టం 1972లో గానీ రాలేదు. అసలు 1950 జనాభా లెక్కల ప్రకారం పాతికేళ్లు దాటిన అమెరికన్లలో హైస్కూలు పూర్తి చేసినవాళ్లు మూడో వంతు మాత్రమే.

చంద్రుడి మాటకొస్తే, జరిగింది దాదాపు తలకిందులు. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను పైకి పంపగానే అమెరికాలో అందరూ తమ హైస్కూళ్ల మీద పడ్డారు. మా పిల్లలకు అసలైన చదువు తక్కువైంది, బతుకు పాఠాల పేరుతో కాలం వృథా అవుతోంది అన్నారు. ఆ కోపం ఊరికే రాలేదు. వృత్తి విద్యా నాయకుడు చార్లెస్ ప్రాసర్ 1945లో ఒక తీర్మానం పెట్టాడు. 20 శాతం పిల్లలు కాలేజీకి, 20 శాతం నైపుణ్యమున్న వృత్తులకు పనికొస్తారు, మిగతా 60 శాతానికి ఈ రెండూ కాకుండా జీవితానికి సర్దుకుపోయే చదువు చాలు అన్నాడు. స్పుత్నిక్ తర్వాత ఏడాదిలోపే, 1958లో, కేంద్ర ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి సైన్సుకీ లెక్కలకీ విదేశీ భాషలకీ డబ్బు పోసింది. వడ్రంగానికి కాదు.

ఇక "సమానంగా చూశారు" అన్న మాట. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే. ఎవరు ఏ క్లాసులో కూర్చోవాలో అక్కడ తేల్చింది ఎవరు? పరీక్ష, కౌన్సెలర్, ఒంటి రంగు, తండ్రి ఉద్యోగం.

మిచిగన్ రాష్ట్రంలోని మేసన్ ఊళ్లో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక నల్లజాతి కుర్రాడు క్లాసులో ముందువరసలో ఉండేవాడు. క్లాసు లీడరు కూడా. లాయరునవుతానంటే టీచరు అది నీకు కుదరదు, వడ్రంగం చూసుకో అన్నాడు. ఆ కుర్రాడే తర్వాత నల్లజాతి హక్కుల నాయకుడైన మాల్కం ఎక్స్. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. మెసేజ్ మురిసిపోతున్న ఆ వడ్రంగమే ఇక్కడ పిల్లవాడి ముందు తలుపు మూయడానికి పనికొచ్చింది.

వాషింగ్టన్‌లో, రంగును బట్టి వేరే బడులు చెల్లవన్న 1954 సుప్రీంకోర్టు తీర్పుతో నల్ల, తెల్ల పిల్లలు ఒకే బడికి వచ్చారు. రెండేళ్లకే, 1956లో, హైస్కూళ్లలో నాలుగు ట్రాకులు, అంటే పిల్లల్ని విడదీసే నాలుగు చదువు దారులు, పెట్టారు. కింది ట్రాకులో పడ్డ పిల్లలు పైకి రావడం గగనమైంది. ఆ కింది ట్రాకుల్లో ఎక్కువగా ఉన్నది పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు. వాళ్లను అక్కడ వేసిన పరీక్షలేమో తెల్ల మధ్యతరగతి పిల్లల్ని కొలతగా పెట్టుకుని తయారుచేసినవి. 1967లో కోర్టు ఈ ట్రాకుల పద్ధతిని కొట్టేసింది. మరుసటి ఏడాది మార్చిలో తూర్పు లాస్ ఏంజిలెస్‌లో మెక్సికన్ కుటుంబాల పిల్లలు వేలల్లో క్లాసులు వదిలి వీధుల్లోకి వచ్చారు. తమను కాలేజీ దారి నుంచి తప్పించి చేతిపని క్లాసుల్లోకి తోస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. ఈ పిల్లలెవరూ మెసేజ్ రాసినవాడికి కనబడలేదా?

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. అదే కాలంలో ఇంగ్లండులో పదకొండేళ్లకే పరీక్ష పెట్టి పిల్లల్ని వేర్వేరు బడులకు పంపేవారు. అమెరికా హైస్కూలు, తెల్లవాళ్ల వరకైనా, రైతు కొడుకునీ డాక్టరు కూతురినీ ఒకే కప్పు కింద, ఫీజు లేకుండా చదివించింది. టైపింగ్, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్న ఎందరో అమ్మాయిలకు అవే మొదటి జీతం తెచ్చాయి. మన పిల్లలు పన్నెండేళ్లు చదివి కూడా ఒక మేకు సరిగ్గా కొట్టలేకపోతున్నారన్న బాధ కూడా న్యాయమైనదే, నాకూ ఉంది.

కానీ ఆ బాధను అడ్డం పెట్టుకుని ఎనిమిదో తరగతిలో పిల్లల్ని ఏరేస్తామంటే ఒప్పుకోను. మన దగ్గర ఎవరి పిల్లల్ని ఏరతారో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన 1953లోనే మద్రాసులో రాజాజీ ప్రభుత్వం సగం పూట బడి, మిగతా పూట ఇంట్లో తండ్రి చేసే పని అని పథకం పెట్టింది. అది కులవిద్య అని జనం తిరగబడ్డారు. 1954లో రాజాజీ దిగిపోయాక కామరాజ్ వచ్చి దాన్ని రద్దు చేశారు. చాకలి పిల్లవాడు చాకలిగానే, కుమ్మరి పిల్లవాడు కుమ్మరిగానే మిగిలిపోతారన్నది అప్పటి భయం. ఈ మెసేజ్ అడుగుతున్నదానికి దానికీ తేడా ఎక్కడుంది?

వడ్రంగం పీరియడ్ పెట్టండి, వంట పీరియడ్ పెట్టండి. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయికీ పెట్టండి, కలెక్టరుగారి అబ్బాయికీ పెట్టండి. దానికోసం ఏ పిల్లనీ, ఏ పిల్లవాడినీ ఆల్జీబ్రా క్లాసులోంచి లేపొద్దు.