మందు ఆగిన చోటే వైరస్ మారుతుంది

ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి రాష్ట్రంలో ఎయిడ్స్ ప్రచారపు పులిరాజా హోర్డింగు కనబడని పట్టణం లేదు. ఎయిడ్స్ పేరు చెబితే జనం గడగడలాడిన రోజులవి. ఇప్పుడు ఆ భయం పోయింది, మంచిదే. కానీ భయంతో పాటే పట్టింపు కూడా పోయింది. దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవారు సుమారు 0.2 శాతం ఉంటే, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అంచనాల ప్రకారం తెలంగాణలో అంతకు రెట్టింపు పైనే ఉన్నారు. లక్షన్నర మందికి అటూ ఇటూగా ఈ రాష్ట్రంలో ఆ వైరస్‌తో బతుకుతున్నారు. రోజుకొక మాత్రతో వాళ్లు నిండు ఆయుష్షు బతకగలరు, పనిచేసుకోగలరు, ఆరోగ్యంగా బిడ్డల్ని కనగలరు. ఆ మాత్ర ఎక్కడా తెగకుండా అందాలన్న విషయంలోనే ప్రభుత్వమూ సమాజమూ ఏమరుపాటుగా ఉన్నాయి. ఇది ఎందుకు ప్రమాదమో తెలియాలంటే ముందు ఆ వైరస్ ఎలాంటిదో తెలియాలి.

హెచ్‌ఐవీ జన్యు సమాచారమంతా కలిపితే సుమారు 9,700 అక్షరాలు. రక్తకణంలోకి చొరబడగానే తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది. ఆ రాతపని చేసే ఎంజైము పేరు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్. పాత రోజుల్లో తహసీల్ ఆఫీసులో పహాణీ నకలు చేత్తో రాసి, అసలుతో సరిచూడకుండానే చేతిలో పెట్టినట్టు ఉంటుంది దాని పని. మన కణాలకు తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉంది, దీనికి లేదు. సగటున ప్రతి మూడు నకళ్లకూ ఒక అక్షరం తారుమారవుతుంది. మందు తీసుకోని మనిషి ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయని లెక్క. అంటే ఆ 9,700 అక్షరాల్లో ప్రతి ఒక్కటీ ఒకే మనిషి ఒంట్లో రోజూ ఎన్నోసార్లు మారుతోందన్నమాట. వీటిలో చాలా మార్పులు వైరస్‌కే చేటు, అవి అక్కడితోనే అంతరిస్తాయి. మిగిలినవాటిలో ఏదో ఒకటి మన రోగనిరోధక శక్తి కన్నుగప్పుతుంది. ఇంకొకటి మందును తట్టుకుంటుంది. దీనికి తోడు, ఒకే కణంలోకి రెండు రకాల వైరస్‌లు దూరితే వాటి జన్యువుల ముక్కలు కలిసి మూడో రకం కూడా పుట్టుకొస్తుంది.

దీని పుట్టుపూర్వోత్తరాలు శాస్త్రవేత్తలకు తెలిసింది కూడా ఈ మార్పులను బట్టే. ఆఫ్రికాలోని కాంగో దేశపు కిన్షాసా నగరంలో 1959లో, 1960లో తీసి దాచిన రెండు పాత నమూనాల్లోని వైరస్‌లను పోల్చి చూస్తే, అప్పటికే అవి ఒకదానికొకటి చాలా దూరం జరిగిపోయి ఉన్నాయి. అంత తేడా రావడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో వెనక్కి లెక్కగడితే, వాటి మూలం 20వ శతాబ్దం తొలి రోజుల దగ్గర తేలింది. కామెరూన్ ఆగ్నేయ అడవుల్లోని చింపాంజీల నుంచి, బహుశా వేటమాంసం కోసేటప్పుడు అంటిన రక్తం ద్వారా అది మనిషికి చేరింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని గుర్తించే నాటికి దశాబ్దాలుగా మనుషుల్లో తిరుగుతూనే ఉంది. ఇదంతా హెచ్‌ఐవీ-1 కథ. రెండో రకమైన హెచ్‌ఐవీ-2 దారి వేరు. అది పశ్చిమ ఆఫ్రికాలోని ఒక జాతి కోతుల నుంచి వచ్చింది. మన దేశంలోనూ కొద్దిమందిలో ఉంది. నెవిరపిన్, ఎఫావిరెంజ్ లాంటి మందులు దాని మీద అసలు పనిచేయవు. అందుకే పాజిటివ్ అని తేలడంతో సరిపోదు, ఏ రకమన్నది కూడా చూడాలి.

మన దేశంలో హెచ్‌ఐవీని మొదట 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సాలమన్ బృందం బయటపెట్టింది. ఇక్కడ ఎక్కువగా ఉన్నది హెచ్‌ఐవీ-1లోని సి ఉపరకం. దక్షిణాఫ్రికాలోనూ అదే. ప్రపంచంలో హెచ్‌ఐవీ ఉన్నవారిలో దాదాపు సగం మందిలో ఉన్నదీ ఇదే. ఈ ఉపరకం మీద పనిచేయాలని దక్షిణాఫ్రికాలో పరీక్షించిన టీకా ఫలితం ఇవ్వక 2020లో ఆపేశారు. ఎదురుగా ఉన్న శత్రువు రోజూ వేషం మారుస్తుంటే టీకా దేన్ని గుర్తుపట్టాలి? నలభై ఏళ్లుగా టీకా రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. కాబట్టి ఇప్పటికి మన చేతిలో ఉన్న ఆయుధం మందే.

మందు విషయంలోనూ వైరస్ మనకు గట్టి పాఠాలే చెప్పింది. 1987లో ఏజెడ్‌టీ అనే తొలి మందు వచ్చింది. ఆ ఒక్క మందే ఇచ్చినప్పుడు నెలల్లోనే దాన్ని లెక్కచేయని వైరస్ పైకి తేలింది. లామివుడిన్ అనే మరో మందు సంగతి ఇంకా దారుణం. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌లో 184వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, ఆ మందు పట్టు జారిపోతుంది. ఒకప్పుడు బిడ్డకు సోకకుండా గర్భిణులకు కాన్పు సమయంలో ఒకే ఒక్క నెవిరపిన్ మాత్ర ఇచ్చేవారు. ఎందరో బిడ్డలను అది కాపాడింది. కానీ ఆ ఒక్క మాత్రకే చాలామంది తల్లుల్లో నెవిరపిన్‌కు లొంగని వైరస్ తయారైంది. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడంతో కథ మారింది. మూడింటినీ ఒకేసారి తట్టుకోవాలంటే తగిన మార్పులన్నీ ఒకే వైరస్‌లో కుదరాలి. అది దాదాపు జరగని పని. మందు రక్తంలో నిలకడగా ఉంటే అసలు వైరస్ నకళ్లే తీయలేదు. నకలు లేనిదే తప్పు లేదు, తప్పు లేనిదే మార్పు లేదు. ఒక్క మిల్లీలీటరు రక్తంలో వైరస్ నకళ్ల లెక్క, అంటే వైరల్ లోడ్, 200 కన్నా తక్కువకు దిగి నిలిచినవారి నుంచి లైంగికంగా మరొకరికి సోకదని కూడా రుజువైంది.

అదే మాత్ర మధ్యలో ఆగితే? ఆ మాత్రలో కలిసి ఉన్న మూడు మందులూ ఒకే వేగంతో ఒంట్లోంచి దిగిపోవు. ఒకటి ముందు పోతుంది, ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటే మిగిలిన రోజులే వైరస్‌కు అదను. కణాల్లో నిద్రపోతున్న వైరస్ కొన్ని వారాల్లోనే లేచి మళ్లీ నకళ్లు మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టిన మొండి రకం ఆ మనిషితో ఆగదు. మరొకరికి సోకితే, వాళ్లు జీవితంలో ఒక్క మాత్ర కూడా వేసుకోకముందే వాళ్ల వైరస్ ఆ మందుకు లొంగనిదై ఉంటుంది. ఇప్పుడు ఇస్తున్న డోలుటెగ్రవిర్‌ను తప్పించుకోవడం వైరస్‌కు చాలా కష్టం. కష్టమే గానీ అసాధ్యం కాదు.

ఇక మన ప్రాంతం వైపు చూద్దాం. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఈ మందులను ఏఆర్‌టీ అంటారు. ఉచిత ఏఆర్‌టీ మందులు దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనూ, ఇతర జిల్లా కేంద్రాల్లోనూ ఏఆర్‌టీ కేంద్రాలు ఉన్నాయి. మందుల కొరత కన్నా మనుషుల కదలిక ఇక్కడ పెద్ద చిక్కు. ఉత్తర తెలంగాణ బతుకంతా వలసలోనే ఉంది. సాంచాల (మరమగ్గాల) మీద పనికి భివండీ, సూరత్ పోయినవాళ్లు, లారీ మీద నాగ్‌పూర్ దాటి పోయేవాళ్లు, జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ బాట పట్టినవాళ్లు. పనికి పోయిన చోట నెల మధ్యలో మాత్రలు అయిపోతే సేటును సెలవు అడగాలి, కారణం చెప్పాలి. కారణం చెప్పలేక మాత్ర మానేస్తారు. చాలా గల్ఫ్ దేశాల్లో మెడికల్‌లో పాజిటివ్ వస్తే వైద్యం ఉండదు, తిరుగు విమానమే. అలా దిగినవాడు ఊళ్లో ఎవరికీ చెప్పుకోడు. ఏ టీబీయో ముదిరాకే ఆస్పత్రికి వస్తాడు. అన్నాళ్లూ వైరస్ నకళ్లు తీస్తూనే ఉంటుంది.

ఏఆర్‌టీ కేంద్రాల బయట తరచూ కనిపించే దృశ్యం ఒకటి ఉంది. మందుల డబ్బా తీసుకున్న మనిషి చాటుకు పోయి దానిమీది లేబుల్ గోటితో గీకేస్తుంది. నడుస్తుంటే మాత్రలు గలగలలాడకుండా వాటిని చిన్న కవర్‌లోకి ఒంపుకొని, కొంగులో ముడేసుకొని బస్సెక్కుతుంది. ఖాళీ డబ్బా అక్కడే పడి ఉంటుంది. ఇంట్లో అత్త చూస్తుందని టెన్షన్, పక్కింటివాళ్లకు తెలుస్తుందని టెన్షన్. చుట్టాలొచ్చిన నాలుగు రోజులు మాత్ర బయటికి తీయనే తీయదు. హెచ్‌ఐవీ ఉన్నవారిపై వివక్షను నిషేధిస్తూ 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలియదు, ఆమె అత్తకూ తెలియదు. ఆ నాలుగు రోజుల్లో వైరస్‌కు అదను ఇచ్చింది ఆమె కాదు, మనం.

2022లో డోలుటెగ్రవిర్ సహా కొన్ని మందులు దొరకడం లేదని హెచ్‌ఐవీ ఉన్నవారు ఢిల్లీలో వారాల తరబడి ధర్నా చేశారు. ప్రపంచ దేశాలకు హెచ్‌ఐవీ మందులు ఎగుమతి చేసే కంపెనీలున్న హైదరాబాద్ మన రాజధాని. అలాంటి రాష్ట్రంలో ఒక్క కేంద్రంలో, ఒక్క రోజు కూడా మాత్ర లేదన్న మాట వినబడకూడదు. వలస పోయేవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి. భివండీలోనో సూరత్‌లోనో ఏ కేంద్రానికి వెళ్లాలో చెప్పి, కాగితం చేతిలో పెట్టి పంపాలి. వైరల్ లోడ్ తగ్గనివారి వైరస్‌లో ఏ మార్పు వచ్చిందో చూసే జన్యు పరీక్ష దేశంలో కొన్ని ప్రయోగశాలలకే పరిమితమైంది. ఉత్తర తెలంగాణ మొత్తానికీ పనికొచ్చేలా కాకతీయ మెడికల్ కాలేజీలో దానికి ఏర్పాటు చేయాలి. మందు మార్చాలా, లేక మనిషికి నచ్చజెప్పి అదే మందు కొనసాగించాలా అన్నది డాక్టరు ఊహతో తేల్చాల్సిన విషయం కాదు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చే వారి కోసం ప్రభుత్వం ఎన్నో మాటలిచ్చింది. ఆ మాటల్లో ఇదొకటి చేరాలి: మెడికల్‌లో ఫెయిలై వచ్చినవారిని నిలదీయకుండా, పేరు బయటపెట్టకుండా పరీక్ష చేసి, పాజిటివ్ అయితే వీలైతే అదే రోజు మందు మొదలుపెట్టే ఏర్పాటు. 1097 హెల్ప్‌లైన్ నంబరు ఉచితం. కనీసం ఆ నంబరైనా కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ బస్టాండ్ల గోడల మీద ఈ నెలలోనే రాయించాలి.